నాలుగో ఛాంబర్ గంట

ఆగస్టు పదకొండు, శుక్రవారం, రాత్రి పదకొండుంబావు.

ఆ వేళకి ఆ కోల్డ్ స్టోరేజీలో నాలుగో ఛాంబర్ ముందు నుంచి ఎవరూ నడవరు. మూడో ఛాంబర్ దాకా వస్తారు. ఐదో దాంట్లో పనుంటే చుట్టూ తిరిగి వెనక గుమ్మం నుంచి వెళ్తారు. నాలుగు ముందున్న నడవాలో దీపం మాడిపోతే, మార్చడానికి నిచ్చెన పట్టుకునే మనిషి దొరకడు. లోపల సరుకు లేదు. పక్క గదుల చల్లదనం నిలవాలని మిషన్ ఆపలేదు కానీ, తలుపుకి మాత్రం ఆరేళ్ళుగా తాళం.

అయినా గంట మోగుతుంది.

లోపల మనిషెవరైనా చిక్కుకుపోతే నొక్కడానికి ప్రతి ఛాంబర్లోనూ తలుపు పక్కన ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది. నొక్కితే పైన కంట్రోల్ రూములో గంట మోగుతుంది. మరి తాళం వేసిన ఖాళీ గదిలో... ఆ బొత్తాం నొక్కేదెవరు?

ఎవరో అందరికీ తెలుసు. పైకి చెప్పరు, అంతే. ఆరేళ్ళ కిందట ఆ గదిలోనే బిగుసుకుపోయి దొరికిన మెకానిక్.

ఊరికే గాల్లో పుట్టిన పుకారైతే ఏ నాలుగు రోజులకో చల్లారేది. ఇది కాగితం మీద ఉంది. తలుపు తెరిచినా, గంట మోగినా కంట్రోల్ రూములో మిషన్ రాసుకునే చిట్టాలోంచి, విచారణ కోసం ఆ రాత్రి తాలూకు లైన్లు తీసి, వరసగా పేర్చి, పై వాళ్ళకి ఇచ్చిన కాగితం. ఆ లైన్లు అక్కడ పనిచేసే వాళ్ళందరికీ నోటికొచ్చు — తలుపు తెరిచారు. తలుపు మూశారు. తాళం వేశారు. అంటే శవాన్ని బయటికి తెచ్చేశారన్న మాట. కథ అక్కడితో అయిపోవాలి.

కానీ కాగితం అయిపోలేదు.

తలుపు తెరుచుకుంది. తలుపు మూసుకుంది. గంట మోగింది... ఆగింది. మోగింది... ఆగింది. మోగింది... ఆగింది.

పై వాళ్ళు దాన్ని చదివి, గంటా తలుపూ రెండూ పాడయ్యాయి, మనిషి సాయంత్రం సరుకు సర్దేటప్పుడే లోపల జారిపడి పోయాడు, ఎవరి తప్పూ లేదు అని సంతకాలు పెట్టారు. శవం నుదుటి మీద దెబ్బ ఉంది కూడాను. కింద పనివాళ్ళు దాన్నే చదివి, మోసుకెళ్ళింది ఒంటినే, మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నారు. ఎవరి చదువు వాళ్ళది.

ఇక ఆ పోయినవాడి ఇల్లు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, అత్తగారు. పోయింది పెద్దాడు. చిన్నాడిదీ అదే చోట ఉద్యోగం — ఆ రోజుల్లో పైన కంట్రోల్ రూములో, ఇప్పుడు సూపర్‌వైజరు. ఆ కాగితం ఇంటికొచ్చినప్పుడు మొదట చదివించుకుంది అత్తగారే. కళ్ళు మూసుకుని విని, "చూశారా, వాడు బాధపడలేదు. అప్పటికప్పుడే పోయాడు. ఆ తర్వాత మోగించింది వాడి ఆత్మ," అంది. తల్లి నోటి నుంచి వచ్చిన మాట. కాదనేవాళ్ళెవరు?

పెద్దకోడలు మాత్రం ఆ మాటని పట్టుకుని ఆరేళ్ళు బతికింది. బతికింది అనడం కంటే ఉడికింది అనాలి.

ఎందుకంటే, ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలు మాటా మాటా అనుకున్నారు. ఆయన సెలవు రోజు కూడా ఎవరికో బదులు డ్యూటీ ఒప్పుకున్నాడు. ఆవిడ పుట్టింటి ప్రయాణం మూడోసారి ఆగిపోయింది. "ఎప్పుడు చూసినా ఆ మంచు గదులే! వెళ్ళు, అక్కడే కాపురం పెట్టుకో," అంది. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

నోటి మాటలన్నీ పైవాడు రాసుకుంటే ఏ ఇల్లూ నిలవదు. కానీ ఆ ఒక్క మాట మాత్రం రాసుకున్నాడని ఆవిడ నమ్మకం. తను అన్నట్టే... అక్కడే కాపురం పెట్టుకున్నాడని.

ఇప్పుడు సోమవారం నుంచి నాలుగో ఛాంబర్ గోడలు పడగొడుతున్నారు. చిట్టా రాసే పాత మిషన్ కూడా తీసేస్తున్నారు. చిన్నకోడలు అక్కడే రెండేళ్ళుగా కంప్యూటర్ల పని చూస్తోంది. పాత చిట్టాలన్నీ కొత్త మిషన్లోకి ఎక్కించే పని ఆమెకి పడింది. తలుపులు తెరవడం మూయడం లేని వేళలో చెయ్యాలి కనక రాత్రిపూట.

"నన్నూ తీసుకెళ్ళవే," అంది పెద్దకోడలు. "గోడ పడిపోతే ఆయన ఎక్కడికెళ్తాడు? నేనే వచ్చి పిలుచుకోవాలి. రమ్మని చెప్పాలి ఇంటికి."

చిన్నకోడలికి దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ తోటికోడలి మొహం చూశాక కాదనడానికి నోరు రాలేదు.

గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఉన్నాడు. అందరూ దగ్గు తాత అంటారు.

"ఆవిణ్ణి కూడా తెచ్చావా అమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి. "వద్దని కాదు. అటువైపు నేనే పోను. ముప్పై ఏళ్ళుగా దగ్గుతో చావనివాణ్ణి, భయంతో చస్తే నలుగురూ నవ్విపోతారు."

"నువ్వు రావద్దులే తాతా. ఒక కుర్చీ ఇవ్వు చాలు."

"తాళం తీస్తారా ఏంటి కొంపదీసి?"

"తియ్యం," అంది పెద్దకోడలు. "బయటే కూర్చుంటా. లోపల ఆయన, బయట ఉన్నదాన్ని నేనేగా."

తాత కుర్చీని మూడో ఛాంబర్ దాకానే మోశాడు. అక్కణ్ణుంచి ఆవిడే ఈడ్చుకుపోయింది. సిమెంటు నేల మీద కుర్చీ కాళ్ళు కీచుమన్న చప్పుడు... నడవా చివరిదాకా వెళ్ళి, ఆగిపోయింది.

చిన్నకోడలు మెట్లెక్కి కంట్రోల్ రూములో కూర్చుంది. అద్దంలోంచి కిందికి చూస్తే నాలుగో తలుపు కనిపిస్తుంది. తలుపు ముందు కుర్చీ. కుర్చీలో, శాలువా కప్పుకుని, ముందుకి వంగి, ఆవిడ.

పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో వినపడదు.

చిన్నకోడలు చూపు తిప్పుకుని పనిలో పడింది. మిషన్ల హోరు ఒకటే. ఫైళ్ళు ఒక్కొక్కటే ఇటునుంచి అటు వెళ్తున్నాయి. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎంతసేపు గడిచిందో...

గంట మోగింది.

చెవి పక్కనే! బల్ల మీద నాలుగో నంబరు ఎర్రగా వెలిగింది.

చెయ్యి దానంతటది వెళ్ళి గంట ఆపే మీట నొక్కేసింది. కంట్రోల్ రూము కుర్చీలో కూర్చున్నవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. నాలుగో గంట మోగిందా — నొక్కు. దణ్ణం పెట్టుకో. పని చూసుకో.

కింద చూసింది. కుర్చీ ఖాళీ.

మెట్ల మీద పరుగు. తలుపు తోసుకుని పెద్దకోడలు లోపలికి వచ్చింది, రొప్పుతూ.

"ఎందుకే ఆపావు?"

"అక్కా, అదీ..."

"నేను పిలిచాను. ఆయన పలికాడు. నువ్వు నోరు నొక్కేశావు!"

చిన్నకోడలు తాతకి ఫోన్ చేసింది. అవతల దగ్గు, దగ్గు మధ్యలో మాటలు — "మంచు కరిగి ఆ బొత్తాం పెట్టెలోకి చుక్క దిగితే మోగుతుందమ్మా. ఆయనున్నప్పుడు కూడా మోగేది. బాగుచెయ్యాలి, బాగుచెయ్యాలి అంటూ ఉండేవాడు పాపం..."

అదే మాట పెద్దకోడలికి చెప్పింది. ఆవిడ విన్నట్టు లేదు.

"ఆ రాత్రిది కూడా ఉందా ఇందులో?" అంది తెరకేసి చూస్తూ. "కాగితం కాదు. అసలుది."

"ఉంది."

"చదివి వినిపించు. ఆయన ఎన్నిసార్లు పిలిచాడో మిషన్ నోటితోనే వింటా."

విచారణకని పక్కన పెట్టిన రెండు ఫైళ్ళు అలాగే ఉన్నాయి. తలుపులది ఒకటి, గంటలది ఒకటి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పాత మిషన్ గడియారం మొదటికి వెళ్ళిపోయేది కనక టైము చూసి లాభం లేదు. అందుకే ప్రతి లైనుకీ ముందు ఒక వరస నంబరు. రెండు ఫైళ్ళూ కలిపి, నంబరు ప్రకారం పేర్చితే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. చిన్న పని. ఒక్క వరస టైపు చేస్తే చాలు. రెండు ఫైళ్ళ పేర్లు, పేర్చమని సార్ట్ అనే మాట, దాని పక్కన ఒక గీత, ఎన్ అనే అక్షరం.

కొట్టింది. తెర మీద లైన్లు పడ్డాయి.

"తలుపు తెరుచుకుంది," అని చదివింది. "తలుపు మూసుకుంది. గంట మోగి..."

ఆగిపోయింది.

ఇది కాదే కాగితంలో ఉన్నది. కాగితంలో మూడో మాట, తాళం వేశారని కదా?

"చదువు," అంది వెనకనుంచి గొంతు.

"ఉండక్కా. ఏదో తప్పు కొట్టాను."

మళ్ళీ కొట్టింది. ఈసారి కావాలనే, ఆ ఎన్ లేకుండా.

వచ్చింది. అచ్చం కాగితంలో ఉన్నట్టే. తలుపు తెరిచారు, మూశారు, తాళం వేశారు... ఆ తర్వాత తలుపు తెరుచుకుంది, మూసుకుంది, గంట.

ఎన్ పెట్టింది. దెయ్యం పోయింది.

ఎన్ తీసింది. దెయ్యం వచ్చింది.

ఆ ఎన్ లేకపోతే మిషన్ అంకెల్ని అంకెల్లా చూడదు. మాటల్లా చూస్తుంది. మొదటి అక్షరం ఏది ముందు వస్తే అది ముందు. పదివేలు ఒకటితో మొదలవుతుంది. తొమ్మిదివేల చిల్లర తొమ్మిదితో మొదలవుతుంది. అంచేత పదివేలు ముందు, తొమ్మిదివేలు వెనక! ఏ రాత్రికా రాత్రి నంబర్లన్నీ ఒకే పొడుగు కనక ఎప్పుడూ తేడా తెలియలేదు. ఆ ఒక్క రాత్రే నాలుగంకెలు అయిపోయి ఐదంకెలు మొదలయ్యాయి. పై వాళ్ళకి అనవసరం అని కాగితంలోంచి నంబర్లు తీసేశారు. తెల్లవారి జరిగింది పైకి వెళ్ళింది. రాత్రి జరిగింది కిందికి వచ్చింది.

చచ్చాక ఎవరూ తలుపు తెరవలేదు. చచ్చాక ఎవరూ గంట కొట్టలేదు.

బతికుండగా కొట్టాడు.

తెర మీద ఉన్నది తప్పు వరస. చిన్నకోడలు గొంతు సవరించుకుని దాన్నే చదివేసింది, గబగబా, పాఠం అప్పజెప్పినట్టు. "అంతే అక్కా. కాగితంలో ఉన్నట్టే ఉంది."

"మొదట అలా చదవలేదు నువ్వు," అంది పెద్దకోడలు.

ఆవిడ ముందుకి వంగింది. తెర మీద వేలు పెట్టింది. ఆ వేలు నంబర్ల వెంట మెల్లగా కిందికి దిగింది.

"పదివేలు... పదివేల ఒకటి... పదివేల రెండు... ఆ తర్వాత తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై రెండా?" అంది. "ఇదేం లెక్కే?"

"సరిగ్గా పెట్టు."

పెట్టింది. ఏం చేస్తుంది!

ఆవిడ వేలు మళ్ళీ పైనుంచి మొదలయింది. తలుపు తెరుచుకుంది — ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది — లోపలి పిడి మంచు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. గంట మోగింది. దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు.

"ఇదేంటి? ఏసీకే?"

"గంట... ఆగింది అని."

"ఆగిందనా, ఆపారనా?"

ఆవిడ కళ్ళు తెర మీద ఇంకో మూలకి వెళ్ళాయి. ఇప్పుడు జరిగేది ఎప్పటికప్పుడు పడే చోటు అది. ఇందాకటి గంట అక్కడ ఉంది. దాని కింద, చిన్నకోడలు మీట నొక్కిన క్షణాన పడిన లైను. అందులోనూ అవే మూడక్షరాలు.

"మూడుసార్లు పిలిచాడు," అంది పెద్దకోడలు. గుసగుస కూడా కాదు, ఊపిరి. "మూడుసార్లూ ఎవరో ఆపారు. ఈ కుర్చీలో కూర్చుని."

ఆ రాత్రి ఆ కుర్చీలో ఎవరున్నారో ఆవిడ అడగలేదు. చిన్నకోడలు చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. ఆ మనిషి ఇప్పుడు ఇంట్లో, అమ్మ పక్క గదిలో, దుప్పటి ముసుగుపెట్టి నిద్రపోతున్నాడు.

కింద నడవాలో ఖాళీ కుర్చీ అలాగే ఉంది. దాన్ని తేవడానికి ఆ రాత్రి ఎవరూ వెళ్ళలేదు. భయమేసి కాదు. అక్కడ ఎవరూ లేరని తెలిసిపోయింది... దానికంటే భయం ఇంకేం కావాలి?

తెల్లవారుతుండగా ఇల్లు చేరారు. అత్తగారు తలుపు తీసి, "పిలిచావా అమ్మా? పలికాడా?" అంది.

పెద్దకోడలు లోపలికి వచ్చి ముందుగదిలో కూర్చుంది. చిన్నకోడలు అచ్చు తీసిన కాగితం బల్ల మీద పెట్టింది. అప్పుడే లేచిన చిన్నాడు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. కాగితం చూశాడు. పక్కన నంబర్లు చూశాడు.

"ఎన్ పెట్టావా?" అన్నాడు.

ఏమిటీ కాగితం అనలేదు. ఎక్కడిది అనలేదు. చిన్నకోడలికి ఆ పేర్చడం నేర్పింది అతనే. ఆ అక్షరం మరిచిపోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పిందీ అతనే. ఆ క్షణంలో ఆమె తాళి కట్టినవాణ్ణి ఎవరో దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసింది.

"అప్పుడే తెలుసా మీకు?"

"ఆ పొద్దున తెలీదు. ఒట్టు. ఆ కాగితం పేర్చింది నేనే, కంగారులో ఎన్ పెట్టడం మర్చిపోయా. మధ్యాహ్నానికి తెలిసింది... అప్పటికే సంతకాలయిపోయాయి." అతను వదిన వైపు తిరిగాడు. "వదినా, అన్నయ్య ఆ గంట బాగుచేస్తానని చెప్పే వెళ్ళాడు. చేస్తూ చేస్తూ, పలుకుతోందో లేదో చూసుకుంటున్నాడనుకున్నా. మూడుసార్లూ అలాగే అనుకున్నా. తర్వాత మోగలేదు. అయిపోయి వెళ్ళిపోయాడనుకుని... కునుకు పట్టింది."

"తెలిశాక ఎందుకు చెప్పలేదు?"

అతని కళ్ళు తల్లి వైపు వెళ్ళాయి.

"మెల్లగా మాట్లాడండి," అంది అత్తగారు.

ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. కాగితం వైపు చూడనైనా లేదు.

"నేనే వద్దన్నాను. ఒకణ్ణి ఆ గది మింగింది. ఇంకొకణ్ణి జైలుకి పంపితే పోయినవాడు లేచి వస్తాడా? దెయ్యమంటే ఎవరికేం నష్టం? దెయ్యానికి ఉద్యోగం పోదు, పరువు పోదు."

"ఆరేళ్ళు," అంది పెద్దకోడలు. "నా నోటి మాటే ఆయన్ని అక్కడ కట్టేసిందని ఆరేళ్ళు ఏడ్చాను అత్తయ్యా. మీ ఒళ్ళో తల పెట్టుకునే ఏడ్చాను. మీరు వీపు నిమిరారు."

పెద్దకోడలు కాగితం తీసి మరిది చేతిలో పెట్టింది. నుదుటి మీద దెబ్బ అప్పటిదాకా పడిపోతే తగిలిందనే అనుకున్నారు అందరూ. తలుపుకేసి కొట్టుకుంటే కూడా అలాగే తగులుతుందని ఎవరూ అనలేదు. ఆవిడా అనలేదు.

"చదువు అబ్బాయ్. నంబర్లతో సహా. వరసగా."

అతను నిలబడే చదవడం మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుంది. తలుపు మూసుకుంది. గంట మోగింది. ఆపారు.

"ఎవరు?"

"...నేను."

"ఊఁ."

"తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై ఆరు. గంట మోగింది. తొంభై ఏడు... ఆపారు."

"ఎవరు?"

"నేను." ఈసారి గట్టిగానే వచ్చింది ఆ మాట. ఎదురింటి తలుపు తీసిన చప్పుడయింది. ఎవరో వీధిలోకి వచ్చి నిలబడ్డారు.

అత్తగారు లేచి, కిటికీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మూసి, గడియ పెట్టింది.

"తర్వాత?" అంది పెద్దకోడలు.